నూకాలు గోనెపట్టా మీద మూడు శనివారాలు

మోరంపూడి దాటి కొంచెం లోపలికి వెళితే, ఒకప్పుడు వరి పండిన చోట ఇప్పుడు అపార్టుమెంట్లు పండుతున్నాయి. వాటి మధ్య ఇంకా నాట్లు పడని ఖాళీ జాగా ఒకటి మిగిలింది. ప్రతి ఆదివారం పొద్దున్న అక్కడ మిద్దెతోటల వాళ్ళ సంత జరుగుతుంది. డాబాల మీద రంగు డబ్బాల్లోనూ, పగిలిన బక్కెట్లలోనూ కూరగాయలు పెంచుకునేవాళ్ళు తమ ఇంటికి పోగా మిగిలినవి తెచ్చి అమ్ముతారు. మా పక్క ఫ్లాటు పద్మగారు ఆరు నెలలుగా రమ్మని పిలుస్తున్నారు. కిందటి ఆదివారం వెళ్ళాను. వెళ్ళకపోతే ఆవిడ ఏడో నెల కూడా పిలిచేలా ఉన్నారు.

వెళ్ళినందుకు నష్టమేమీ లేదు. నాలుగు కాకరకాయలు ముందు పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి, ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారట, ఒక్కొక్క కాయ జాతకం చెబుతున్నారు. ఏ కాయ ఏ వారం పిందె పడింది, తేనెటీగలు రాని రోజున తానే కుంచెతో పుప్పొడి ఎలా అద్దారు, గాలివానకి పందిరి పడిపోతే ఎలా నిలబెట్టారు. అంతా విన్నాక ఆ కాయల్ని చక్రాలుగా తరిగి వేపుడు చెయ్యడానికి చేతులు రావు. రెండు కొన్నాను. ఫ్రిజ్‌లో క్షేమంగా ఉన్నాయి. అక్కడ కూర్చున్నవాళ్ళందరూ చదువుకున్నవాళ్ళే. ప్రతివాళ్ళ ముందూ ఫోనుతో డబ్బు పంపే అట్టముక్క ఉంది. అమ్మిన ప్రతి కట్టకీ ఒక ఫోటో. ఎవరి మొహంలోనూ మొహమాటం అన్నది లేదు. వరస చివర మా అమ్మాయి వయసున్న ఒకావిడ దగ్గర బచ్చలి కనిపించింది. ఆకు లేతగా, కాడ గులాబీ రంగులో బాగుంది. కట్టకి మాత్రం ఎర్ర రబ్బరు బ్యాండు వేసింది. "నార దొరకలేదా అమ్మా?" అన్నాను. "నారంటే ఏంటండీ?" అంది ఆవిడ ఎంతో మర్యాదగా. నా ప్రశ్నకి నాకంటే ఎక్కువ వయసు ఉన్నట్టు అప్పుడు తెలిసింది.

అరటి నార. మా రత్నత్తయ్య చేతిలో ఉండేది ఎప్పుడూ. దొడ్లో పడిపోయిన అరటి బోదెల పట్టల్ని చీరి, నీళ్ళలో తడిపి, వేలికి చుట్టుకుని ఉంచుకునేది. ఆవిడ కట్టే కట్టలో ఒక పద్ధతి ఉండేది. నారని రెండు చుట్లు తిప్పి, ముడి వెయ్యకుండా, చివరని మొదటి చుట్టు కిందనుంచి లాగి బిగించేది. లాగితే ఊడిరాదు, విప్పుదామంటే వేలికొనతో వచ్చేస్తుంది. కట్ట కట్టడం కూడా ఒక విద్యేనా అని నేను నవ్వితే, "కట్టేవాళ్ళకి కాదే, విప్పేవాళ్ళకి తెలుస్తుంది" అనేది.

ఈ అత్తయ్య మా నాన్నగారికి అక్క. కోనసీమలో ఒక పల్లెటూరికి కోడలిగా వెళ్ళింది. మా మామయ్య ఒకరోజు కాశీ వెళ్ళొస్తానని బయల్దేరాడు. వెళ్ళడం వరకూ మాట నిలబెట్టుకున్నాడు. ఏడాది చూసి, ఇంకో ఏడాది చూసి, నాన్నగారు వెళ్ళి అక్కగారిని మా ఇంటికి తీసుకొచ్చేశారు. ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి బిందె, తడిగుడ్డలో చుట్టిన నాలుగు బచ్చలి కొమ్మలు, ఇవీ ఆవిడ సామాను. అత్తయ్య బొట్టు పెట్టుకునేది, గాజులు వేసుకునేది. అయినా పేరంటాలకి ఎవరూ పిలిచేవారు కాదు. పిలవచ్చో కూడదో పంచాంగంలో లేదట. కనపడిన ప్రతివాళ్ళూ నాన్నగారిని "మీ బావగారి దగ్గర్నుంచి ఉత్తరాలేమన్నా వస్తున్నాయాండీ?" అని పరామర్శించేవారు. రావని వాళ్ళకీ తెలుసు. అడగడం ఒక మర్యాద. ధవళేశ్వరంలో ఒక ఇంజినీరింగు ఆఫీసులో నాన్నగారు హెడ్ గుమాస్తా. ఎంతటి ఉత్తరానికైనా జవాబు రాయగలిగిన మనిషి ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరక్క కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. అందుకే మెల్లగా, ఎవరికీ చెప్పకుండా, అత్తయ్యని నలుగురిలోకి తీసుకెళ్ళడం మానేశారు. అత్తయ్య కూడా ఎవరూ చెప్పకుండానే వెళ్ళడం మానేసింది. మా ఇంట్లో చాలా పనులు అలా చెప్పకుండానే జరిగిపోయేవి.

అప్పట్లో మా పేట ఊరికి శివారు. ఇంటి వెనక దొడ్డి, దొడ్డి వెనక పంటకాలవ గట్టు. అత్తయ్య తెచ్చిన నాలుగు కొమ్మలు ఏడాది తిరిగేసరికి నూతి పక్క పందిరినీ, ప్రహరీనీ ఎక్కి పక్కింటి వాళ్ళ పెంకుల మీదకి మర్యాదగా చూడ్డం మొదలుపెట్టాయి. అత్తయ్య తెల్లారకముందే లేచి, బియ్యం కడుగు నీళ్ళు పోసి, ఆకు వెనక పురుగుందేమో ఒక్కొక్కటీ తిప్పి చూసేది. కత్తితో కోసేది కాదు, గోటితో తుంపేది. కత్తి తగిలితే బచ్చలి అలుగుతుందట. ఆ వేళప్పుడు దొడ్లో తడిమట్టి, పేడ, వంటింటి కట్టెలపొయ్యి పొగ అన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పటికీ బచ్చలి తుంపితే ఆకుకంటే ముందు నాకా పొగ వాసన వస్తుంది. ఒకసారి "ఇంత కష్టం దేనికత్తయ్యా?" అన్నాను. "ఈ ఇంట్లో నేను చేసే పనులన్నీ నేను లేకపోయినా మీ అమ్మ చేసుకుంటుంది. ఇది మాత్రం నేను లేకపోతే ఉండదు" అంది. ఏదో ఆకుకూర గురించి చెప్పినట్టే చెప్పింది.

మా వీధి చివర శనివారం సంత. కడియం వైపు లంకల నుంచి ఫస్టు బస్సుకి బుట్టలు దిగేవి. ఆకుకూరల వరసలో నూకాలు అనే మనిషి కూర్చునేది. యాభై దాటినా పళ్ళన్నీ ఉండేవి, నవ్వడానికి అన్నీ వాడేది. ఒక శనివారం సంత అయ్యాక మంచినీళ్ళకి మా దొడ్లోకి వచ్చి పందిరి చూసి ఆగిపోయింది.

"ఏంటమ్మగారూ, ఇంత బచ్చలి గోడకి తినిపిత్తన్నారా?"

"మా ఇంట్లో ఎంతని తింటారే? వారానికి రెండుసార్లు చేస్తేనే మా తమ్ముడు మొహం చిట్లిస్తాడు."

"మరి నాకిచ్చెయ్యరాదేంటండి? నా దగ్గర కంద ఉంది, మీ దగ్గర బచ్చలుంది. రెంటికీ పెళ్ళి చేసేద్దాం."

అలా కుదిరింది. శుక్రవారం సాయంత్రం అత్తయ్య కట్టలు కట్టేది. శనివారం పొద్దున్నే నూకాలు దొడ్డి గుమ్మంలోంచి తీసుకుపోయి, బదులు ఓ కంద ముక్కో, చేమదుంపలో ఇచ్చేది. అమ్మకీ నాకూ తెలుసు. నాన్నగారికి తెలియకూడదు. హెడ్ గుమాస్తాగారి అక్క ఆకుకూరలు అమ్ముతోందని తెలిస్తే ఎవరో అడుగుతారు, అడిగినవాళ్ళు మామయ్య ఉత్తరాల గురించి కూడా అడుగుతారు. సంతలో నూకాలు మాత్రం అడిగినవాళ్ళకి "అమ్మగారి బచ్చలండి" అని చెప్పేది. ఏ అమ్మగారో చెప్పేది కాదు. వచ్చేవారం ఫలానావారు ఆ బచ్చలే కావాలన్నారని ఆవిడ చెబితే, అత్తయ్య "అలాగా" అని ఊరుకుని, ఆ రోజల్లా ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది.

ఇందులో ఒక చిక్కు మేమెవరమూ ఊహించలేదు. లేత ఆకంతా సంతకి వెళ్ళిపోయేసరికి ఇంటికి ముదురాకు మిగిలేది. నాన్నగారు కొన్నాళ్ళు ఓపికగా నమిలారు. ఒక శనివారం ఆయనే సంచీ పట్టుకుని సంతకెళ్ళి, విజయగర్వంతో తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో రెండు కట్టలు పెట్టారు. వాటికి అరటి నార, రెండు చుట్లు, ముడి లేదు.

"బచ్చలంటే ఇదీ. ఎవరో అమ్మగారట, ఎంత శ్రద్ధగా పెంచుతుందో. మన దొడ్లోదీ ఉంది, ఎందుకూ? తాటాకులా ఉంటుంది."

అమ్మ పమిటచెంగు నోటికడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగింది. నేను నూతి దగ్గరికి పరిగెత్తాను. అత్తయ్య మాత్రం ఆ కట్ట చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "బానే ఉంది. కొంచెం నీళ్ళు తక్కువ పడ్డట్టున్నాయి" అంది. ఆ తరవాత ప్రతి శనివారం నాన్నగారు మా దొడ్లో బచ్చలి సంతకెళ్ళి కొనుక్కొచ్చేవారు. మా దొడ్డికీ మా వంటింటికీ మధ్య పది అడుగులు. ఆ పది అడుగులూ సంత మీదుగా వెళ్ళడం అలవాటైపోయింది.

నేను డిగ్రీలో చేరిన ఏడాది వేసవి ముందు నూకాలు ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చింది. పిఠాపురంలో కూతురికి నెలలు నిండాయి, వెళ్ళాలి. ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు. ఆ సంతలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి చోటుకీ కాగితం ఉండదు. గోనెపట్టా పరిచి, దానిమీద మనిషి కూర్చుని, ఒక్క కట్టయినా అమ్మితే ఆ వారానికి చోటు వాళ్ళది. వరసగా రెండు సంతలు గోనె ఖాళీగా ఉంటే పక్కవాళ్ళు జరిగిపోతారు. ఇరవై ఏళ్ళ చోటైనా అంతే.

"చింతపండు రావులమ్మ ఇప్పటికే మోచెయ్యి జరుపుతోందండి. మా ఆయన కూకుంటానంటన్నాడు గానీ ఆయన కూకుంటే గోనె కూడా అమ్మేత్తాడు."

"మరి ఎవర్ని కూర్చోపెడతావే?" అంది అత్తయ్య.

నూకాలు పందిరి వైపు చూసింది. అత్తయ్య కూడా పందిరి వైపే చూసింది. చాలాసేపు ఇద్దరూ బచ్చలిని చూశారు.

"మూడు వారాలు చాలా?" అంది అత్తయ్య.

మొదటి శనివారం సులువుగా గడిచింది. నాన్నగారు సంచీ తియ్యబోతుంటే అమ్మ, బియ్యం మిల్లు దగ్గరికి వెళ్ళాలని ఎప్పుడో మర్చిపోయిన పని ఒకటి గుర్తుచేసింది. ఆయన అటు వెళ్ళారు, అత్తయ్య గుడికని ఇటు వెళ్ళింది. నేను దూరం నుంచి చూశాను. గోనె మీద మఠం వేసుకుని, నెత్తిన చెంగు కప్పుకుని, తద్దినం భోజనానికి కూర్చున్నంత బిగుసుకుని కూర్చుంది. అరవలేదు, పిలవలేదు. అయినా గంటలో కట్టలన్నీ అయిపోయాయి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ "ఒకావిడ పప్పులోకి ఎన్ని కట్టలు వెయ్యాలి అని అడిగిందే" అంది నాతో. "నన్నే అడిగింది."

నేను మనసులో నాన్నగారి మీద చాలా కోపం పెట్టుకుని ఉన్నాను ఆ రోజుల్లో. కాలేజీలో స్త్రీల సమానత్వం గురించి వ్యాసరచన పోటీలో బహుమతి కూడా వచ్చింది. నాన్నగారికి తెలిస్తే ఏమంటారో, దానికి నేనేం జవాబు చెబుతానో, కొన్ని వాక్యాలు ముందుగానే తయారుచేసి పెట్టుకున్నాను. చాలా మంచి వాక్యాలు. ఒక్కటీ వాడే అవసరం రాలేదు.

రెండో శనివారం నాతోపాటు సుజాత ఉంది. మా క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయి, డాక్టరుగారి కూతురు. వాళ్ళింట్లో ఫోనుంది. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. సంతలోంచి నడిపించుకొస్తున్నాను. ఇంకో దారి కూడా ఉంది. నాకు తోచలేదని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను.

"అబ్బ, ఈ బచ్చలి చూడవే, ఎంత బాగుందో! మా అమ్మకి పట్టుకెళ్తా" అంటూ సుజాత సరిగ్గా నూకాలు గోనె ముందు కూర్చుంది.

అత్తయ్య తలెత్తి నన్ను చూసింది. కళ్ళు వెడల్పయ్యాయి, సంతోషంతో. ఏదో అనబోయింది. నేను పక్క వరసలో ములక్కాడల వైపు తిరిగాను. ములక్కాడల్ని అంత శ్రద్ధగా నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. ఎన్ని కట్టలున్నాయో ఇప్పటికీ చెప్పగలను. ఆరు.

వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఏం కావాలమ్మా? లేతవి అడుగున ఉన్నాయి, తీసుకో." సుజాత రెండు కట్టలు ఏరుకుంది. ఆ తరవాత అదే గొంతు, ఏ మార్పూ లేకుండా, నాతో అంది: "మీకేమన్నా కావాలాండీ?"

నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, నాకు ఉగ్గు పెట్టిన మనిషి, జీవితంలో నన్ను మీరు అన్నది ఆ ఒక్కసారే. నాకు దారి ఇవ్వడానికి అంది. నేను ఆ దారినే వెళ్ళాను. "వద్దండీ" అన్నాను.

సుజాత కొబ్బరికాయలు బేరం చేస్తూ ముందుకు పోయింది. నేను ములక్కాడల దగ్గరే నిలబడ్డాను. అప్పుడు చూశాను, ఆకుకూరల వరసలోకి నాన్నగారు వస్తున్నారు. చేతిలో సంచీ. పక్కన వాళ్ళ ఆఫీసు మూర్తిగారు. ఆఫీసులో ఫైళ్ళు కదిలినా కదలకపోయినా, కబుర్లు మాత్రం మూర్తిగారి దగ్గర ఆగేవి కావు. ఆయన చూస్తే సోమవారం పొద్దుటికి ధవళేశ్వరం అంతా చూసినట్టే. ఆ రోజు అమ్మకి చెప్పడానికి ఏ మిల్లూ గుర్తురానట్టుంది.

మూర్తిగారే ముందు చూశారు. గొంతు తగ్గించి, అందరికీ వినపడేలా అన్నారు. "ఏంటండీ, ఆవిడ అచ్చం మీ అక్కగారిలా ఉన్నారే?"

అత్తయ్య చెంగు ఇంకొంచెం ముందుకి లాక్కుంది. చేతులు బచ్చలి మీదే ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఆగిపోయాయి. నాన్నగారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. అటు పక్కకి తిరిగితే పోయేది. ఎలా తిరగాలో ఆయనకి అప్పుడే నేను చూపించి ఉన్నాను, ఆయన చూడలేదు గానీ.

"అక్కగారిలా ఏంటండీ, మా అక్కయ్యే" అన్నారు.

"ఆహా!" అన్నారు మూర్తిగారు. తరవాత, ఇక అడక్కపోతే మర్యాద కాదు కాబట్టి, "బావగారి దగ్గర్నుంచి ఉత్తరాలేమన్నా...?" అన్నారు.

"ఉత్తరాలేం రావటంలేదండీ. బచ్చలి మాత్రం బాగా వస్తోంది. తీసుకోండి." నాన్నగారు గోనె ముందు గొంతుక్కూర్చున్నారు. "అక్కయ్యా, మూర్తిగారికి రెండు కట్టలియ్యి. లేతవి. నాకో కట్ట."

"నీకెందుకురా? ఇంట్లో ఉందిగా" అంది అత్తయ్య. అంటూనే అడుగునుంచి లేతవి తీసింది.

"ఇంట్లో ఉన్నది ముదురాకు. లేతదంతా ఎన్నాళ్ళనుంచి ఇక్కడికొస్తోందో నాకు తెలీదనుకున్నావా? చిన్నప్పుడు బడికెళ్ళేటప్పుడు నా పుస్తకాలు ఇదే కట్టు కట్టేదానివి కాదూ? రెండు చుట్లు, ముడి లేకుండా."

"తెలిసీ కొనుక్కొస్తున్నావా?"

"మరి ఇంట్లో అడిగితే పెట్టేలా లేరు."

చింతపండు రావులమ్మ పగలబడి నవ్వింది. మూర్తిగారు కూడా నవ్వి, నవ్వాక వెనక్కి తీసుకోలేక, మూడు కట్టలు కొన్నారు. అత్తయ్య తలమీది చెంగు జారిపోయింది. సర్దుకోలేదు. ఎండలో ఆవిడ మొహం అంత స్పష్టంగా, నలుగురి మధ్యా, నేను చూడటం అదే మొదలు. నేను తయారుచేసుకున్న మంచి వాక్యాలన్నీ నోట్లో అలాగే ఉన్నాయి. వాటిని చెప్పాల్సిన మనిషి ఎవరో అప్పుడు తెలిసింది గానీ, నాకు నేను చెప్పుకోవడానికి అవి మరీ గ్రాంథికంగా ఉన్నాయి.

సుజాత మా ఇంటికి వచ్చింది, అమ్మ పెట్టిన జంతికలు తింది, వెళ్ళింది. ఆ తరవాత అత్తయ్య వచ్చింది. పీట వాల్చుకుని, నాన్నగారు కొన్న కట్ట విప్పి ఆకు తుంపుతూ కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని కంద చెక్కుతున్నట్టు నటించాను.

"ఆ పిల్లెవరే? మీ కాలేజీయా?"

"ఊఁ."

"తెలివైంది. చెప్పగానే అడుగునుంచి సరిగ్గా లేతవే ఏరింది."

"అత్తయ్యా, నువ్వు నన్ను మీరన్నావు."

"గోనె మీద కూర్చున్నాక అందరూ మీరేనే. బేరానికొచ్చిన వాళ్ళతో చుట్టరికం కలుపుకుంటే ఇంక అమ్ముకున్నట్టే." నా చేతిలో కంద ముక్క చూసింది. "కడుక్కో, దురదెడుతుంది. కళ్ళు నలుపుకోకు."

కళ్ళు ఎర్రబడటానికి కారణం ఆవిడే ఇచ్చేసింది. ఆ పూట కూర ఎలా ఉందో నాకు తెలీదు. నాన్నగారు మారు వడ్డించుకున్నారు కాబట్టి బాగానే ఉండి ఉంటుంది.

తరవాత నేను ముప్ఫై ఏళ్ళకి పైగా ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పాను. శ్రమ గౌరవం గురించి, ఏ పనీ చిన్నది కాదనడం గురించి ఏటా ఏదో ఒక సభలో మాట్లాడమనేవారు. మాట్లాడినప్పుడల్లా మధ్యలో ఆరు ములక్కాడల కట్టలు అడ్డొచ్చేవి. ఒక్క క్షణం ఆగేదాన్ని. పిల్లలు అది ఆలోచన అనుకుని చప్పట్లు కొట్టేవారు. కిందటి ఆదివారం మిద్దెతోటల సంతలో నిలబడి, కాకరకాయల పెద్దాయన్నీ రబ్బరు బ్యాండు ఆవిణ్ణీ చూస్తూ అనుకున్నాను, వీళ్ళకి అక్కడ కూర్చోవడానికి పోగొట్టుకునేదేమీ లేదు. వచ్చినవాళ్ళు వాళ్ళ కూరగాయల గురించే అడుగుతున్నారు, ఇంటి సంగతులు అడగటంలేదు. ఇది వెక్కిరింపు కాదు. హాయిగా ఉంది. అలాగే ఉండాలి. అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది, ఉండి ఉంటే ఆ వరసలో ఆవిడకీ ఒక కుర్చీ వేసేవారు, ఒక ఫోటో కూడా తీసేవారు. అయితే ఒక్కటి మాత్రం తోచింది. ఇప్పుడు ఎవరైనా తన మనిషి అక్కడ కూర్చుంటే "మా ఆవిడండీ, మా అత్తగారండీ" అని గర్వంగా చెబుతున్నారు. అలా చెప్పడానికి ధైర్యం కావలసిన రోజుల్లో చెప్పినవాడు మా నాన్నగారు. ఆయనకి మనసులో పిరికివాడని పేరుపెట్టింది నేను.

నూకాలు నాలుగోవారం కూతురితో, మనవడితో సహా తిరిగొచ్చి తన చోట్లో తను కూర్చుంది. అంతకు ముందు మూడో శనివారం ఒకటి మిగిలింది. ఆ రోజు పొద్దున్న నాన్నగారు ఎవరూ అడక్కుండానే బుట్ట సైకిలు క్యారియరు మీద కట్టి సంతలో దింపి వచ్చారు. నేను తలస్నానం చేసి, కాలేజీకి కట్టుకునే మంచి వోణీ వేసుకుని, వెళ్ళి గోనె మీద అత్తయ్య పక్కన కూర్చున్నాను. అత్తయ్య కొంచెం జరిగి చోటిచ్చింది.

సుజాత వస్తుందని కూర్చున్నాను. ఎవరైనా కాలేజీ వాళ్ళు వస్తారని, లెక్చరర్లు వస్తారని, అందరూ నన్ను చూడాలని. ఒక్కరూ రాలేదు. దాక్కోవాలనుకున్న రోజున వెతుక్కుంటూ వస్తారు గానీ, కనబడదామని కూర్చుంటే పేటలో మనుషులే ఉండరు. ఎండ ఎక్కుతోంది. కట్టలు సగం అలాగే ఉన్నాయి. నేను వచ్చేపోయేవాళ్ళ మొహాలు వెతుకుతూనే ఉన్నాను.

"ఎవరికోసమే ఆ చూపులు?" అంది అత్తయ్య.

"ఎవరికోసం లేదు."

"అలా చూస్తూ కూర్చుంటే బేరాలు రావు. పిలవాలి."

"నువ్వెప్పుడూ పిలవలేదుగా?"

"నాకు సిగ్గు. నువ్వు చదువుకున్నదానివి."

నేను గొంతు సవరించుకున్నాను. "బచ్చలండీ" అన్నాను. పక్కనున్న రావులమ్మకే వినపడలేదు.

"ఎవరి బచ్చలో చెప్పకపోతే ఎవరొస్తారే?" అంది అత్తయ్య, బుట్టలో ఆకు సర్దుతూ, నా వైపు చూడకుండా.

నేను లేచి నిలబడ్డాను. ములక్కాడల వరసా, కొబ్బరికాయలూ, అవతల రోడ్డు దాకా వినపడేటట్టు, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"మా అత్తయ్య బచ్చలండీ! మా అత్తయ్య పెంచిన బచ్చలండీ!"